మాడిన గిన్నెల గోడ

మీ ఇంట్లో కూర మాడిన రోజున, అది ఎందుకు మాడిందని మీరెప్పుడైనా అడిగారా? "ధ్యాస ఎక్కడ పెట్టావు?" అని అరవడం లెక్కలోకి రాదు. దాని చివర ప్రశ్న గుర్తు ఉంటే ఉండవచ్చు గానీ, అది తీర్పు. ఎదుటి మనిషి చెప్పుకునేది వినకుండా శిక్ష వేయకూడదన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. కార్మికుణ్ణి పనిలోంచి తీసేయాలంటే ముందు సంజాయిషీ అడగాలి. రైతు పొలం తీసుకోవాలంటే ముందు అతని అభ్యంతరం వినాలి. ఇన్ని చోట్లకు వెళ్లిన ఆ పాఠం వంటింటి గడప మాత్రం ఇంకా దాటలేదు. అక్కడ నేరం రుజువు కావడానికి మాడు వాసన చాలు.

పటాన్‌చెరు దగ్గర చిట్కుల్‌లో ఉండే రాజవ్వకు ఆ శిక్ష పడి ఇరవై ఏళ్లు దాటింది. కూతురు నిషిత ఇంకా ఉయ్యాల తొట్టెలో ఉన్న రోజుల్లో ఒకనాడు ఆమె గిన్నెడు పప్పు మాడబెట్టింది. పొలం నుంచి వచ్చిన అత్త ఆగమ్మ, డ్యూటీ నుంచి వచ్చిన భర్త కొమురయ్య, ఒకరి తర్వాత ఒకరు ధ్యాస ఎక్కడ పెట్టినవన్న అదే మాట అడిగారు. రాజవ్వ ఇద్దరికీ జవాబు చెప్పలేదు. ఆ రోజే ఆగమ్మ కోడలికి 'ధ్యాసలేనిది' అని పేరు పెట్టింది. కోపంతో పెట్టిన ఆ పేరు వాడగా వాడగా మెత్తబడి, చివరికి ముద్దుపేరైంది. "మా ధ్యాసలేనిది సంతకు పోయింది, ఇప్పుడొస్తది కూసో" అని ఆగమ్మ వచ్చినవాళ్లతో అంటే వాళ్లూ నవ్వేవారు, రాజవ్వా నవ్వేది. నవ్వింది కదా అని ఒప్పుకున్నట్టు కాదు.

కొమురయ్య వాళ్లకు ఒకప్పుడు జొన్న చేలుండేవి. ఫ్యాక్టరీలు వచ్చాక కొంత భూమి పోయింది. మిగిలిన జాగాలో వరసగా రేకుల గదులు లేచాయి. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన కార్మికులు వాటిలో కిరాయికి ఉంటారు. కొమురయ్య పాశమైలారం వైపు ఒక కర్మాగారంలో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. రాజవ్వ గదుల్లోని మనుషులకు రెండు పూటలా వండి పెట్టసాగింది. అంతంత వంట చేస్తే సామాను అరుగుతుంది. అరిగిన సామాను పాత ఇనుము వాడికి వేసేయడం లోకం చేసే పని. రాజవ్వకు చేతులు రాలేదు.

మొదట గరిటెలు. అక్కడి మాటలో గంటెలు. కుడిచేత్తో ఏళ్ల తరబడి గిన్నె అడుగు గీకితే గరిటెకు ఎడమ అంచు అరిగిపోతుంది. రాజవ్వ ఒక పాత తలుపు చెక్క తెచ్చి, తన తల్లి గరిటెను, ఆగమ్మ గరిటెను, తన గరిటెను పక్కపక్కన మేకులకు తగిలించింది. మూడూ ఒకే వైపు అరిగి, ముగ్గురు ఆడవాళ్లు ఒకే వైపు తల వాల్చి నిలబడ్డట్టు కనిపించాయి. చివరన నిషిత కోసమని కొత్త గరిటె ఒకటి పెట్టింది. పటాన్‌చెరులో మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే నిషిత ఇంటికి వస్తూనే దాన్ని ఊడదీసింది. "నా గంటె తీసెయ్యమ్మా. నేను గీక." రాజవ్వ దాన్ని వంటింట్లో పెట్టేసింది. నాలుగో మేకును మాత్రం ఖాళీగా ఉంచేసింది. చూసినవాళ్లు ఆ మూడు గరిటెల కన్నా ఆ మేకునే ఎక్కువసేపు చూసేవారు.

తర్వాత బిగుసుకుపోయి పగుళ్లిచ్చిన కుక్కర్ రబ్బర్లన్నీ ఒకదాంట్లో ఒకటి గుచ్చి వాకిట్లో తోరణంలా కట్టింది. అది చూసి పాత ఇనుము వాడు సైకిల్ ఆపి, "రబ్బరు గూడ తీసుకుంట అవ్వా, ఎంతకిస్తవ్?" అన్నాడు. కొమురయ్యకు అది వారానికి సరిపడా నవ్వయింది. ఒక్క ఇంద్రజ మాత్రం నవ్వలేదు. పబ్లిక్ సెక్టార్ కంపెనీలో భర్త ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి, పక్క వీధిలో స్థిరపడ్డ మనిషి ఆమె. గరిటెల చెక్క ముందు చాలాసేపు నిలబడి, "మా అమ్మది కూడా ఇలాగే అరిగింది అక్కా. పోయాక ఎవరు పారేశారో," అంది. అని, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి పరుగెత్తింది.

"నువ్వు చేసేదాన్ని స్త్రీవాద కళ అంటరు, తెలుసా?" అంది ఒకనాడు నిషిత.

మంచం మీద నుంచి ఆగమ్మ అందుకుంది. "మేకులకు గంటెలు తగిలించనీకె గింత పెద్ద పేరెందుకే?"

"ఇంట్ల రోజూ వాడే సామానుతోని ఆడోళ్ల బతుకు చెప్పుడు నానమ్మా."

రాజవ్వ బియ్యం చెరుగుతూ కాసేపు ఆలోచించింది. "చెప్పుడేనా? ఇంటోళ్లడిగిన దానికి జవాబిచ్చుడు గూడ ఉంటదా?"

ఆ మాటలోంచే గోడ పుట్టింది. ఏటా మార్చిలో మహిళా దినోత్సవం నాడు మహిళా సంఘం హాలులో ముగ్గుల పోటీ, కుర్చీలాట, గెలిచినవాళ్లకు స్టీలు డబ్బాలు. స్త్రీల హక్కుల దినాన వంట డబ్బా బహుమతిగా ఇవ్వడంలోని వింత ఎవరికీ తట్టినట్టు లేదు. ఈసారి రాజవ్వ సంఘం లీడరు రవళి దగ్గరికి వెళ్లి హాలులో ఒక గోడ అడిగింది. పైన పెద్ద అక్షరాలతో 'ధ్యాస ఎక్కడ పెట్టినవ్?' అని ఉంటుంది. కింద ఊళ్లో ఆడవాళ్ల మాడిన గిన్నెలు వేలాడతాయి, లోపలి నలుపు జనానికి కనిపించేలా. ఒక్కో గిన్నె కింద ఆ గిన్నె మనిషి జవాబు.

"మాడిన గంజులా? హాల్లనా?" అంది రవళి. గంజంటే వాళ్లకు వంట గిన్నె. "పిచ్చి లేసిందా అక్కా?" అని, తన గంజు ఎందుకు మాడిందో చెప్పడం మొదలుపెట్టి, చెప్పడం అయ్యేసరికి గోడ ఇచ్చేసింది.

రాజవ్వ ఇల్లిల్లూ తిరిగింది. రవళి అన్నం పొయ్యి మీద ఉండగా నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెలు పట్టుకుని ఉరికింది. ఇంద్రజ పాలు కాస్తుండగా మంచాన ఉన్న అత్తగారికి ఊపిరాడలేదు. ఆవిరి మందు పట్టేలోపు పాలు బొగ్గయ్యాయి. రాజవ్వ గదుల్లోనే కిరాయికి ఉండే బిహార్ అమ్మాయికి కూర మీద మూత తీయబోతుండగా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. నాయనమ్మ దగ్గర వదిలి వచ్చిన కొడుకు ఆ పూటే తొలి అడుగులు వేశాడు, ఆమె తెర మీద వాణ్ణి చూస్తూ ఉండిపోయింది. ఏ ఇంట్లోనూ రాజవ్వ అడగాల్సిన పని పడలేదు. జవాబు అందరి దగ్గరా సిద్ధంగా ఉంది. అడిగినవాళ్లే లేరు.

జవాబులు కూడేకొద్దీ ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. ప్రతి గిన్నె వెనకా ఎవరో పిలిచారు. బిడ్డో, అత్తో, ట్యాంకరు హారనో. పప్పు మాడిన ఆ రోజున రాజవ్వను మాత్రం ఎవరూ పిలవలేదు. అందుకే ఊరందరి గిన్నెలూ అడిగిన మనిషి తన గిన్నె మాటెత్తలేదు. అది పెరట్లోనే ఉంది. ఎంత తోమినా నలుపు వదలని ఆ పప్పు గిన్నెలో ఇన్నేళ్లుగా ఆగమ్మ కోళ్లకు నీళ్లు పోస్తోంది.

మహిళా దినోత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం గిన్నెలు హాలుకు చేరాయి. రాజవ్వ, నిషిత గోడకు మేకులు కొట్టడం ముగించి వెనక్కి తిరిగేసరికి రవళి సంచిలోంచి తన గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. కిటికీలోంచి వచ్చిన ఎండ దాని మీద పడి రాజవ్వ కళ్లలో కొట్టింది.

"గిదేంది రవళీ?"

"నా గంజే అక్కా."

"మాడింది గద?"

"మాడిందే. నిన్న రాత్రంత తోమిన. చింతపండు ఉడకబెట్టి, ఉప్పేసి, స్టీలు పీచుతోని. సూడు, రెక్కలు పడిపోయినయ్." ఆమె గర్వంగా భుజం రుద్దుకుంది.

బిహార్ అమ్మాయి తన గిన్నె రెండు చేతులతో అందించింది. అద్దంలా ఉంది. బాగా తోమానని హిందీలో మురిసిపోయింది: "అచ్ఛా సే సాఫ్ కియా దీదీ!" ఇంద్రజ గిన్నెకైతే కొత్తదానికి ఉండే కాగితం చీటీ ఒక్కటే తక్కువ. "మాడు అసలు వదల్లేదు అక్కా. సోడా వేసి రాత్రంతా నానబెట్టి పొద్దున్న మళ్లీ మొదలెట్టాను. అప్పటికి వదిలింది," అందామె, మెచ్చుకుంటారేమోనన్నట్టు చూస్తూ. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పెట్టి వెళ్తున్నారు. ఒక్క గిన్నెలోనూ నలుపు లేదు.

నిషిత తల పట్టుకుంది. "మాడిన గంజులు తెమ్మంటిమి గదా! ఉన్న సాక్ష్యమంతా మీ చేతులతోనే కడిగేసి తెస్తిరి!"

"మరి నలుగురొచ్చే జాగ పోరీ," అంది రవళి, ఆమెకూ కోపం వచ్చింది. "నల్ల గంజు మీద నా పేరు రాసి గోడకు పెడితె నన్నేమంటరు?"

"వాళ్లు అనేదానికి జవాబే గద ఈ గోడ!"

"అనేటోళ్లు గోడనంటరా, నన్నంటరా?"

రాజవ్వ ఒక గిన్నె ఎత్తి లోపలికి చూసింది. అడుగున తన మొహమే కనిపించింది, వెడల్పుగా, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండా. వాళ్ల మీద ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. మాడిన గిన్నె నలుగురిలో పెట్టమంటే రాత్రంతా కూర్చుని తోమిన ఆ చేతుల్ని ఆమె ఎరుగును. అవి తన చేతులే.

"నీదేదమ్మా?" అంది నిషిత హఠాత్తుగా. "ఊర్ల అందరి గంజులు అడిగినవ్. కోళ్ల కాడున్న నీ గంజు ఎందుకు తేలే?"

"గది తోమినా పోదు బిడ్డా."

"పోనిదే గద మనకు కావల్సింది!"

హాలులో ఉన్నవాళ్లంతా రాజవ్వ వైపు చూశారు. వాళ్లు నలుపుకు సిగ్గుపడ్డారు. తాను కారణానికి సిగ్గుపడింది. తేడా అంతే. రాజవ్వ సుత్తి బల్ల మీద పెట్టి ఇంటిదారి పట్టింది. వెనకే నిషిత, ఆ వెనక ఏమవుతుందో చూద్దామని ఇంద్రజ.

పెరట్లో రాజవ్వ గిన్నెలోని నీళ్లు పారబోసి ఎత్తగానే కోళ్లు గోల చేశాయి. నులక మంచం మీద కూర్చున్న ఆగమ్మ కళ్లు చికిలించి చూసింది. "హాలుకు దీస్కపోతున్నవా? జెర ఆగు. గంత బూడిద తే, నేను రుద్ది ఇస్త."

"వద్దత్తమ్మా! ముట్టకు!" రాజవ్వ గిన్నెను పసిబిడ్డలా పొట్టకు అదుముకుంది.

సరిగ్గా అప్పుడే కొమురయ్య డ్యూటీ నుంచి వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా, ఒంటి మీద కంపెనీ నీలిరంగు యూనిఫారం. నల్లటి గిన్నె పట్టుకుని నిలబడ్డ భార్యను చూసి, అలవాటు చొప్పున అనేశాడు. "మల్ల మాడబెట్టినవా? ధ్యాస యాడ పెట్టినవే?"

నిషిత తల తిప్పి తల్లి మొహం చూసింది. ఇరవై ఏళ్లకు పైగా ఊరకే ఉండిపోయిన రాజవ్వ, నిన్నో మొన్నో అడిగిన దానికి చెప్పినట్టు చెప్పింది.

"నీ ప్యాంటు మీద."

"ఆఁ?"

"గీ గంజు మాడిన్నాడు నువ్వు డ్యూటీల ఉన్నవ్. అత్తమ్మ చేన్ల ఉన్నది. పిల్ల తొట్టెల పండుకున్నది. పొయ్యి మీద పప్పు పెట్టి, బట్టలు తేనీకె మిద్దె మీదికి పోయిన. నీ ఇంకో జత ఆరింది. నీలి ప్యాంటు, అంగి. తొడుక్కున్న."

కొమురయ్య టిఫిన్ డబ్బా మెల్లగా కింద పెట్టాడు. అతనికి తోచిన ప్రశ్న ఇదొక్కటే: "పొడుగు గాలే?"

"కిందికెంచి మడిచిన."

"ఎవలన్న సూసిన్రా?" అంది ఆగమ్మ.

"ఎవ్వలు సూడలే. మిద్దె గీ కొసకెంచి ఆ కొసకు నడిచిన. మల్ల తిరిగొచ్చిన. మల్ల పోయిన."

"ఎందుకే పిల్లా?"

రాజవ్వ భర్త వైపు తిరిగింది. గొంతులో నిష్ఠూరం లేదు. "కంపినీల చేరేదాక ధోతి కట్టినవ్. ప్యాంటు తొడిగినంక నీ నడక మారింది. కాళ్లు ఎడంగ ఏసుకుంట, బజారంత నీదే అన్నట్టు నడిచేటోనివి. అర్గు మీద కూసోని రోజు సూసేదాన్ని. ఆ నడక ప్యాంట్ల ఉన్నదా, నౌకరిల ఉన్నదా తెలుసుకుందామని."

ఆగమ్మ కొంచెం ముందుకు వంగింది. ఎనభై ఏళ్ల ఆ కళ్లలో కోపమేమీ లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప. "మరి యాడున్నదే?"

"తేలకముందే పప్పు మాడె అత్తమ్మా."

ముందు ఇంద్రజ నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత నిషిత. ఆగమ్మ నవ్వుకు మంచం కిర్రుమంది. కొమురయ్య తన ప్యాంటు వైపు, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

నవ్వు సద్దుమణిగాక ఇంద్రజ మెల్లగా అంది. "అక్కా, ఇది ఊళ్లో రాసి పెడితే రేపు ఒక్కొక్కళ్లూ ఒక్కో మాట అంటారు. పాప ఏడ్చింది, ఎత్తుకోవడానికి వెళ్లానని రాసేద్దాం. ఎవరికి తెలుస్తుంది? చంటిపిల్ల తల్లికి అది మామూలేగా."

"నేనెప్పుడేడ్చిన?" అంది నిషిత. "అమ్మా, నేనేడ్చిన్నా?"

"లేదు బిడ్డా. సల్లగ పండుకున్నవ్."

"మరి నా మీదికెందుకు తోస్తరు?"

కొమురయ్య గొంతు సవరించుకున్నాడు. అతను కేకలు వేసే మనిషి కాదు. "మా బాయిలర్ కాడోళ్లు గూడ వస్తరు రేపు. మీ ఇంటామె నీ ప్యాంటు తొడిగిందంట గదా అని నన్ను ఆడుకుంటరు. జెర ఆలోచన చెయ్యి. నీ ఇష్టమే అనుకో."

రాజవ్వ మంచం అంచున కూర్చుని గిన్నెను ఒళ్లో పెట్టుకుంది. పాప ఏడ్చిందని రాయడం ఎంత సులువు! ఆ అబద్ధం ఎవరినీ నొప్పించదు. పైగా అది ఆమెను మంచి తల్లిని చేస్తుంది. మిగతా గిన్నెల వరసలో ఆమె గిన్నె సాఫీగా కలిసిపోతుంది. అదీ ఒక రకమైన తోమడమే. ఆ మధ్యాహ్నం ఆమెకు మళ్లీ గుర్తొచ్చింది: మిద్దె మీది వేడి, మోకాళ్లకు చీర అడ్డు తగలని మొదటి అంగ, దూరంగా కొత్తగా లేస్తున్న పొగగొట్టాలు, జేబులో చెయ్యి పెడితే లోపల చెయ్యి పట్టేంత చోటు ఉండడం. ఆ కాసేపు ఆమె ఎవరి కోసమూ లేదు. ధ్యాస లేకపోవడం కాదు అది. పెళ్లయినప్పటి నుంచి తన ధ్యాస అంతా తన దగ్గరే ఉన్నది ఆ ఒక్కసారే. దానికే ఆమెకు ధ్యాసలేనిదన్న పేరు పడింది.

ఆమె లేచింది. "రాయి బిడ్డా."

నిషిత సంచిలోంచి అట్టముక్క, పెన్ను తీసింది.

"ఎవ్వలు పిలువలే. మా ఆయన ప్యాంటు తొడుక్కోని మిద్దె మీద నడిచిన. నా ధ్యాస నా మీదనే ఉండె. కింద నా పేరు రాయి. రాజవ్వ, చిట్కుల్."

"మరి మా గిన్నెలు తీసేస్తారా అక్కా?" అంది ఇంద్రజ బెరుకుగా.

"ఎందుకు తీస్తం? మెరిసేటియి మెరిసేటట్టే పెడుదాం. మీరు చెప్పింది కింద ఉంటది. రాత్రంత తోమిన్రని గూడ రాద్దాం. గది గూడ మనం చేసిన పనే గద." రాజవ్వ ఒక్క క్షణం ఆగింది. "నాది మాత్రం నడుమ పెడుత."

కొమురయ్య గోడకు ఆనించి ఉన్న చిన్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. "ఒంటిగ మేకెట్ల కొడుతవ్? పా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"ఓ ధ్యాసలేనిదానా!" వెనక నుంచి ఆగమ్మ కేక వేసింది. "కోళ్లకు నీళ్లు దేంట్ల పొయ్యాలె?"

"నీ కంచంల పొయ్యి అత్తమ్మా. ఇగ ఈ గంజు నీకియ్య."

వీధిలోకి వచ్చాక రాజవ్వ క్షణం నిలబడింది. మాడిన గిన్నెతో బయటికి రావలసి వస్తే ఆ ఊరి ఆడవాళ్లు దాని నోరు నడుముకు ఆనించి, కొంగు కప్పి పట్టుకుంటారు. ఆమె చెయ్యి కూడా ముందు అలాగే పట్టుకుంది. ఎదురుగా షిఫ్టు దిగిన కార్మికులు ఆటోల్లోంచి దిగుతున్నారు, కిరాణా కొట్టు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. రాజవ్వ కొంగు తీసేసి, గిన్నెను తిప్పి, లోపలి నలుపు బజారుకు కనిపించేలా పట్టుకుని, హాలు వైపు నడిచింది.